పెట్టెలో విద్యుత్తు

1881వ సంవత్సరం మే నెలలో పారిస్ నగరం నుండి ఒక చెక్కపెట్టె బయలుదేరి, 72 గంటలు ప్రయాణం చేసి, స్కాట్లండులోని గ్లాస్గో నగరం చేరింది. దాని పరిమాణం ఇంచుమించు ఒక ఘనపుటడుగు. బరువు 34 కిలోలు. లోపల సీసపు పలకలు, పలచని గంధకామ్లం మాత్రమే ఉన్నవి. అయినా లండన్ పత్రికలు ఆ పెట్టెను గురించి వ్రాశాయి, విద్వాంసులు చర్చించారు. కారణమేమంటే, పారిస్‌లో నింపిన విద్యుచ్ఛక్తి ఆ పెట్టెలో ప్రయాణించి సముద్రం దాటి వచ్చింది. తీగ లేకుండా, యంత్రం లేకుండా, సామానువలె వచ్చింది.

ఆ పెట్టెను అందుకొన్నవారు గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆచార్యుడు సర్ విలియం థామ్సన్. తరువాతి కాలంలో లోకం ఆయనను లార్డ్ కెల్విన్ అని ఎరిగింది. పెట్టెలోని శక్తి పది లక్షల అడుగు-పౌనులని ఆనాడు చెప్పుకొన్నారు. మన ఇంటి కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే అది ఒక యూనిట్‌లో మూడోవంతు కంటె కొంచెం హెచ్చు. అంతే శక్తి ఇంచుమించు 45 గ్రాముల బొగ్గును కాల్చితే వచ్చే వేడిలో ఉంటుంది. 34 కిలోల పెట్టె ఒకవైపు, పిడికిట్లో ఇమిడే బొగ్గు ముక్క మరొకవైపు! విద్యుత్తును పెట్టెలో పట్టిన మొదటి రోజులలోనే దాని మహిమ, దాని పరిమితి రెండూ ఇట్లా కలిసి బయటపడినాయి.

ఈ పాత కథను ఇప్పుడు తలచుకోవడానికి ఒక ప్రయోజనం ఉన్నది. ఈనాడు హనుమకొండ వీధులలో విద్యుత్తుతో నడిచే కార్లు తిరుగుతున్నవి. చేతితో మోసుకొనిపోగల బ్యాటరీ పెట్టెలు కూడ అంగళ్లకు వచ్చాయి. వాటిని పోర్టబుల్ పవర్ స్టేషన్ అంటున్నారు. పేరు గొప్పది. అందువల్ల చాలామందికి సహజంగా ఒక ఆలోచన కలుగుతున్నది: ఇట్టి పెట్టె ఒకటి డిక్కీలో ఉంచుకొంటే, దారిలో కారు ఆగిపోయినప్పుడు దానితో నింపుకొని సాగిపోవచ్చును గదా! సాగిపోవచ్చును, కాని ఎంతదూరం? దీనికి సమాధానం చరిత్రలో సగం, లెక్కలో సగం ఉన్నది.

విద్యుత్తు ఎడతెగక ప్రవహించే సాధనాన్ని మొదట చేసినవాడు ఇటలీ దేశీయుడు వోల్టా, అది 1800లో. ఆయన ఘటంలోని సరుకు అయిపోతే దానిని పారవేయవలసిందే. అయిపోయిన తరువాత మళ్లీ నింపదగిన సీసపు ఘటాన్ని 1859లో ఫ్రెంచివాడైన గాస్టన్ ప్లాంటే నిర్మించాడు. 1881లో కెమిల్ ఫోర్ పలకలకు సీసపు లేపనం పట్టించి, అది త్వరగా, అధికంగా శక్తిని గ్రహించేటట్లు చేశాడు. గ్లాస్గో చేరిన పెట్టెలోనివి ఈ ఫోర్ ఘటాలే. ప్లాంటే ఘటం పుట్టిన సరిగ్గా నూరేండ్లకు, 1959 అక్టోబరు 10న, హనుమకొండకు కాజీపేటకు నడుమ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. నేటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అదే. ఇది కేవలం కాకతాళీయమే అయినా, గుర్తుంచుకోవడానికి అనువైనది.

కాజీపేట పేరు వచ్చినది గనుక రైలును గురించి ఒక మాట. సికిందరాబాదు నుండి బెజవాడకు నిజాం కాలపు రైలుదారి 1889 నాటికి పూర్తి అయినది. 1929లో కాజీపేట నుండి బల్హార్షా వరకు దారి కలిసి, మద్రాసుకు ఢిల్లీకి నేరుగా మార్గం ఏర్పడింది. రైలు పెట్టెల క్రింద వరుసగా బ్యాటరీలు ఉండేవి. చక్రాల ఇరుసుకు బెల్టుతో తగిలించిన డైనమో, రైలు పరుగెత్తుతున్నంతసేపు వాటిని నింపేది. రైలు స్టేషనులో నిలిచినప్పుడు దీపాలు ఆ నిలువ మీద వెలిగేవి. చాలాసేపు నిలిస్తే దీపాలు మసకబారడం, కదలగానే మళ్లీ కాంతి పుంజుకోవడం పెద్దలు ఎరిగినదే. బ్యాటరీ తనంతట శక్తిని పుట్టించదు, ఒకచోట పుట్టిన దానిని మరొకచోటికి, ఒకవేళ పుట్టిన దానిని మరొకవేళకు అందిస్తుందన్న సత్యాన్ని ఆ దీపాలు కన్నులకు కట్టినట్లు చూపేవి.

రేడియో శ్రోతల ఇండ్లకు ఈ సత్యం మరింత దగ్గరది. విద్యుత్తు తీగ రాని గ్రామాలలో వాల్వు రేడియో బ్యాటరీల మీదనే పలికేది. వాల్వులను ఎర్రగా కాచడానికి 2 వోల్టుల సీసపు ఘటం ఒకటి, ఇతర పనికి పెద్ద వోల్టేజి గల పొడి బ్యాటరీ ఒకటి కావలసివచ్చేవి. సీసపు ఘటం అయిపోతే దానిని పట్టణానికి తీసుకొనిపోయి నింపించుకొని రావాలి. అది తిరిగివచ్చేవరకు రేడియో మూగది. ఈ బాధ తీరినది పెద్ద బ్యాటరీ వచ్చినందువల్ల కాదు. 1947లో అమెరికాలో కనిపెట్టిన ట్రాన్సిస్టరు రేడియోలోకి వచ్చి, దాని ఆకలిని తగ్గించినందువల్ల. టార్చిలైటులో వేసే ఘటాలతోనే పాట వినబడసాగింది.

కారు సంగతి వేరు. వెయ్యి కిలోలకు పైబడిన బరువును నేలమీద ఈడ్చడమే దాని పని. ఆ ఆకలిని ట్రాన్సిస్టరు తగ్గించలేదు. అయినా విద్యుత్ కారు కొత్తది కాదు. 1899 ఏప్రిల్ 29న జెనాట్జీ అనే బెల్జియం దేశీయుడు విద్యుత్ బండి మీద గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మించాడు. భూమి మీద ఏ మోటారు బండీ అంతకుముందు అంత వేగం పోలేదు. 1897 నాటికే న్యూయార్క్ నగరంలో విద్యుత్ టాక్సీలు తిరిగినవి. బ్యాటరీ అయిపోతే బండిని షెడ్డుకు తెచ్చి, ఖాళీ బ్యాటరీని దింపి నిండినదానిని ఎక్కించేవారు. 1900 ప్రాంతంలో అమెరికాలోని మోటారు వాహనాలలో ఇంచుమించు మూడోవంతు విద్యుత్తువే. అవి ఓడిపోయినది వేగంలో కాదు, మోటారులో లోపం వల్లనూ కాదు. షెడ్డు ఉన్న పట్టణం దాటితే వాటికి దిక్కులేదు. పెట్రోలును డబ్బాలో పోసి ఏ ఊరికైనా తీసుకొనిపోవచ్చును. పైగా 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు వచ్చి, పెట్రోలు ఇంజనును చేతితో త్రిప్పే శ్రమను తొలగించింది. కారును నడపవలసిన బ్యాటరీ ఆ విధంగా పెట్రోలు ఇంజనుకు పరిచారిక అయి, ఎనభై ఏండ్లు గడిపింది.

దానికి మళ్లీ గౌరవం తెచ్చినది లిథియం. 1991లో జపానులోని సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని విపణికి తెచ్చింది. దీనికి మూలమైన పరిశోధనలకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం లభించింది. మన తెలుగునాట బ్యాటరీల తయారీ అంతకుముందే ఉన్నది. 1985లో తిరుపతి సమీపంలో అమరరాజా సంస్థ ఏర్పడింది. ఆ సంస్థే 2023లో మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో లిథియం ఘటాల కర్మాగారానికి పునాది వేసింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మోసుకొనిపోగల పెట్టెలలో ఒక మోస్తరు పెద్దదానిలో 2 యూనిట్ల శక్తి ఉంటుంది. బరువు ఇంచుమించు పాతిక కిలోలు. గ్లాస్గో పెట్టెతో పోల్చితే కిలో ఒక్కింటికి ఏడురెట్లు శక్తి. ఇది గొప్ప అభివృద్ధే. మన ఇండ్లలో కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు త్రిప్పే ఇన్వర్టరు క్రింద 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటే, అందులోనూ 1.8 యూనిట్లే. కాని ఒక మామూలు విద్యుత్ కారు బ్యాటరీలో 30 యూనిట్లు పడతాయి. పెట్టెలోని విద్యుత్తు మొదట గృహ విద్యుత్తుగా మారాలి. కారులోకి పోయిన తరువాత బ్యాటరీకి అనుకూలంగా మళ్లీ మారాలి. ఈ రెండు మారకాలలో ఇంచుమించు అయిదోవంతు వేడిగా పోతుంది. మిగిలినది 1.6 యూనిట్లు. యూనిట్‌కు 7 కిలోమీటర్ల చొప్పున 11 కిలోమీటర్ల ప్రయాణం. హైదరాబాదు నుండి వస్తూ స్టేషన్ ఘనపూర్ దగ్గర కారు ఆగిపోతే, గంటసేపు చెట్టుక్రింద కూర్చుండి పెట్టెను పూర్తిగా ఒలకబోసినా కాజీపేట చేరలేము. డబ్బాలోని అయిదు లీటర్ల పెట్రోలు నాలుగు కిలోల బరువైనా ఉండదు. దానితో పెట్రోలు కారు హనుమకొండ చేరుతుంది. పెట్టెను డబ్బాతో సమానమనుకోవడమే ఇక్కడి పొరపాటు.

మరొక చిక్కు కూడ ఉన్నది. కారు చార్జరు విద్యుత్తును స్వీకరించే ముందు ఎర్తు సరిగా ఉన్నదో లేదో చూస్తుంది. ఇంటిలో న్యూట్రలు తీగ భూమితో కలిసి ఉంటుంది. చాలా పెట్టెలలో ఏ తీగా భూమితో కలిసి ఉండదు. అందుచేత పెట్టె నిండుగా ఉన్నా కారు దానిని నిరాకరించవచ్చును. అది కారు మొండితనం కాదు. మనిషి ప్రాణరక్షణకై పెట్టిన కావలి. దానిని ఏమార్చడానికి తోచిన తీగలు కలపరాదు. కొనకముందే పెట్టె తయారుదారును అడిగి తెలుసుకోవాలి.

అట్లయితే ఈ పెట్టె వ్యర్థమా? కాదు. థామ్సన్ కథలోనే సమాధానం ఉన్నది. గ్లాస్గో చేరిన ఘటాలలో ఒకదానిని ఆయన ఒక శస్త్రవైద్యునికి ఇచ్చారు. ఆ వైద్యుడు దానితో ప్లాటినం తీగను కాచి, ఒక బాలుని నాలుక మీది కంతిని ఇంచుమించు నిమిషంలో తొలగించాడు. శక్తి కొంచెమే, ప్రయోజనం గొప్పది. 2023 జూలైలో కుండపోత వర్షాలకు హనుమకొండ, వరంగల్లులలో అనేక కాలనీలు నీట మునిగినాయి. అట్టి రాత్రి ఇంట్లో దీపానికి, టెలిఫోనుకు, రేడియోకు, రోగి శ్వాసయంత్రానికి 2 యూనిట్లు చాలా విలువైనవి. వాటిని కారులో పోస్తే 11 కిలోమీటర్లు. ఇంట్లో ఉంచితే రాత్రంతా ధైర్యం.

ఇది మన సీమకు తెలియని పాఠం కాదు. పదమూడవ శతాబ్దిలో కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప చెరువులు వెలసినవి. వానాకాలపు నీటిని నిలువజేసి వేసవికి అందించడమే వాటి పని. బ్యాటరీ పని కూడ అదే. ఆ చెరువులు కట్టినవారు తూములు పెట్టి కాలువలు త్రవ్వించారు. దాహానికి కుండ చాలును. పొలానికి కాలువ కావాలి.

మన విద్యుత్తుకు కాలువ తీగయే. ఎర్తు బాగుగా ఉన్న 15 ఆంపియర్ల సాకెట్టు ఒకటి రాత్రి ఎనిమిది గంటలలో ఇంచుమించు 24 యూనిట్లు ఇస్తుంది. తెల్లవారేసరికి హనుమకొండ నుండి హైదరాబాదుకు చాలినంత ప్రయాణం కారులో చేరుతుంది. విద్యుత్ కారు కొనదలచినవారు పెట్టె ధర విచారించే ముందు, తమ ఇంటి గోడకు ఉన్న సాకెట్టును, దాని ఎర్తును ఒక అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనుకు చూపించడం మంచిది. ఆ పనికి అయ్యే ఖర్చు తక్కువ. దానివల్ల నడిచే దూరం ఎక్కువ.