ఎవరు పోయారు?

ఒక శుక్రవారం ఉదయం అల్ హైల్‌లో మా ఇంట్లో ఘంటసాల భగవద్గీత పెట్టాము. ఆడుకుంటున్న పిల్లవాడు పరుగున వచ్చి "ఎవరు పోయారు?" అని అడిగాడు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక చావింట అది విన్నాడట. వాడి తప్పు లేదు. ఆ అలవాటు పెద్దవాళ్ళం మనం చేసిందే.

వాడిని కూర్చోబెట్టి ఘంటసాల కథ చెప్పాము. 1922 డిసెంబరు 4న చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు సంగీతం కోసం విజయనగరం చేరారు. మధూకరం ఎత్తుకొని పొట్ట పోసుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద పాట నేర్చుకున్నారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి జైలుకు వెళ్ళారు. తరువాత సినిమాల్లో 'పాతాళభైరవి' (1951), 'లవకుశ' (1963) వంటి చిత్రాలకు సంగీతం కూర్చారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేశారు. చివరి రోజులలో గీతా శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో పాడారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ రికార్డు విడుదలయింది ఆ తరువాతనే.

గీత చచ్చినవారికి చెప్పింది కాదు. చతికిలబడిన అర్జునుణ్ణి పనికి లేపింది. అన్నం కోసం గడపగడపకూ తిరిగిన కుర్రవాడి గొంతులో ఆ మాటకు ఇంకా బరువుంది. పరీక్షకు వెళ్ళే పిల్లలకూ, కొత్త ఉద్యోగంలో చేరేవారికీ అది వినిపిద్దాం. ఘంటసాల పేరు చెప్పగానే మన పిల్లలకు పాట గుర్తుకు రావాలి, పాడె కాదు.