పూల్

జావా వెబ్ అప్లికేషన్లలోని ‘కనెక్షన్ పూల్’కు నీటి గుంటతో చుట్టరికం లేదు. ఫ్రెంచిలో ‘పూల్’ అంటే కోడిపెట్ట. ఆటలో అందరూ వేసే పందెం సొమ్ముకూ ఆ పేరే పడింది. ఇంగ్లీషులోకి వచ్చాక ఉమ్మడి నిధి అయింది.

హైదరాబాద్‌లో బహదూర్‌పురాకు దగ్గర్లోని పురానాపుల్‌ది వేరే మాట: ఫారసీ ‘పుల్’, అంటే వంతెన. మూసీపై 1578లో కట్టిన ఆ వంతెన నేటికీ ఉంది. జావాలో డేటాబేస్‌లను చేరేందుకు ఉన్న జేడీబీసీ-ఓడీబీసీ వంతెన మాత్రం 2014లో, జావా 8తో పోయింది. దాన్ని నమ్ముకున్న పాత కోడు డ్రైవర్ క్లాసు దొరకక ఆగిపోతుంది.

మళ్లీ పూల్‌కు వస్తే, అందులోని డేటాబేస్ కనెక్షన్లు ఉమ్మడి సొత్తు కనుక తీసుకున్నది తిరిగివ్వాలి. పూల్ కనెక్షన్‌పై ‘క్లోజ్’ పిలిస్తే అది మూతపడదు, పూల్‌కు చేరుతుంది. ఆ పిలుపు మరిస్తే పూల్ నిండుకుంటుంది, ఇంట్లో బియ్యం నిండుకున్నట్టే. హికారీ అనే పూల్‌లో మామూలుగా 10 కనెక్షన్లు. అవన్నీ తిరిగిరాకపోతే పదకొండో అభ్యర్థన 30 సెకన్లు చూసి ఎర్రర్ ఇస్తుంది. డేటాబేస్‌ను నిందించడం తొందరపాటు. పూల్ పరిమాణం పెంచితే ఎర్రర్ ఆలస్యమవుతుందంతే. జావా 7తో వచ్చిన ‘ట్రై-విత్-రిసోర్సెస్’ వాడితే, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా కనెక్షన్ వెనక్కి చేరుతుంది.