ఏసీ చల్లగా లేదంటే గ్యాసే అయిపోయిందా?

ఈసారి కారు ఏసీ కథ. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఏసీ లోపల పప్పుగింజంత ఉండే సెన్సర్ కథ.

1939లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ, ఏసీ బిగించిన కార్లు అమ్ముతామని ప్రకటించింది. కూలింగ్ కాయిల్ డిక్కీలో పెట్టారు, సామాన్లకు సగం చోటు పోయింది. అసలు తమాషా అది కాదు. ఆ ఏసీకి థర్మోస్టాట్ లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపాలంటే బండి పక్కకి తీసి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి! అంటే అప్పట్లో సెన్సర్ మనిషి ఒళ్ళే.

1964 మోడల్ క్యాడిలాక్‌లో 'కంఫర్ట్ కంట్రోల్' వచ్చింది. ఎంత చల్లదనం కావాలో చెప్తే చాలు, మిగతాది కారు చూసుకుంటుంది. ఆ పని చేసింది థర్మిస్టర్లు. వేడి పెరిగితే వీటి రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈ గుణాన్ని ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. పాత సంగతే, మన డాష్‌బోర్డు దాకా రావడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు కొండాపూర్ వద్దాం. ఇక్కడ ఏసీ తగ్గిందనగానే చాలా చోట్ల వినపడే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది సార్." మీ ఇంట్లో ఫ్రిజ్‌కి ఏటా గ్యాస్ నింపిస్తున్నారా? లేదు కదా. కారులో రబ్బరు పైపులుంటాయి కాబట్టి ఏళ్ళ మీద కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదది. రెండు నెలలకే తగ్గిందంటే ఎక్కడో లీకుంది. తగ్గకుండానే ఇంకా నింపితే ప్రెషర్ పెరిగి ఇంకో సమస్య.

అందుకే ముందు ఎక్కడ, ఎప్పుడు తగ్గుతోందో చూడండి. కొత్తగూడ జంక్షన్‌లో ఇరుక్కున్నప్పుడు వేడిగాలి, ఔటర్ రింగ్ రోడ్డెక్కగానే చల్లగా వస్తోందా? అయితే ముందుగా అనుమానించాల్సింది రేడియేటర్ ముందుండే కండెన్సర్‌ని, దాని ఫ్యాన్‌ని, ఫ్యాన్‌కి కబురు పంపే ప్రెషర్ సెన్సర్‌ని. బండి కదిలితే గాలి దానంతటదే తగులుతుంది, నిలబడితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ తిరగకపోతే ప్రెషర్ పెరిగి, సిస్టమ్ తనని తాను కాపాడుకోవడానికి కంప్రెసర్‌ని ఆపేస్తుంది.

దీనికి రివర్స్ కూడా ఉంది. ఔటర్ మీద అరగంట బ్రహ్మాండంగా ఉండి, తర్వాత గాలే సన్నబడిపోతుంది. పది నిమిషాలు ఆపితే మళ్ళీ మామూలే. అది చాలావరకు ఎవాపరేటర్ సెన్సర్ పని. కాయిల్ మీద మంచు కట్టకముందే కంప్రెసర్‌ని ఆపించాల్సింది అదే. అది తప్పు లెక్క చెప్తే కాయిల్ గడ్డకడుతుంది, ఇక గాలి ఎటు పోవాలి?

దీన్ని పట్టుకోడానికి పెద్ద మెషీన్ అక్కర్లేదు. సెన్సర్ ఊడదీసి మల్టీమీటర్ తగిలించి, ఐస్ నీళ్ళలో ఒకసారి, గోరువెచ్చటి నీళ్ళలో ఒకసారి ముంచాలి. రెసిస్టెన్స్ సాఫీగా మారాలి. కదలకపోయినా, గెంతులేసినా సెన్సర్ పోయినట్టే. అంకెలు మోడల్‌ని బట్టి మారతాయి, సర్వీస్ మాన్యువల్‌తో పోల్చుకోండి. సెన్సర్ బాగుంటే వైరు చూడాలి. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు ఊరికే ఉండవుగా!

ఇదంతా కార్లున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళ గోల అనుకోకండి. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ యాప్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' ప్రచారమే నడిపారు, కిలోమీటరుకు వచ్చే డబ్బు ఏసీ వేస్తే గిట్టట్లేదని. అలాంటి చోట అక్కర్లేని గ్యాస్ ఫిల్లింగ్ అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. నాకు కోపం వచ్చేది అక్కడే.

చివరిగా ఒక సరదా కేసు. మే ఎండలో డిస్‌ప్లే మీద బయట మైనస్ 40 డిగ్రీలని కనిపిస్తే భయపడకండి. ముందు బంపర్ వెనకుండే సెన్సర్ కనెక్టర్ ఊడి ఉండొచ్చు. బయట అంత చలిగా ఉందని నమ్మితే చాలా కార్లు ఏసీ వెయ్యవు. బంపర్‌కి డెంటింగ్ చేయించాక ఇలా అయితే, ఆ క్లిప్పు పెట్టారో లేదో అడగండి చాలు.