క్లోన్ చేశాక మిగిలిన జాగా ఎక్కడికి పోయింది?

పోయిన నెల మా నాన్నగారి లాప్‌టాప్‌లో 256 జీబీ డ్రైవ్ మొరాయించడం మొదలుపెట్టింది. చనిపోయిన మా అమ్మమ్మ గొంతు రికార్డింగులు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. వెంటనే 1 టీబీ ఎస్ఎస్‌డీ కొని క్లోన్ చేశాను. ఆన్ చేస్తే అన్నీ వచ్చాయి. కానీ నాన్నగారు, "వెయ్యి జీబీ అన్నావు, సి డ్రైవ్ పాత సైజే చూపిస్తోందేంట్రా?" అన్నారు.

దీనికి జవాబు కావాలంటే 1983కి వెళ్ళాలి. ఆ ఏడాది ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది, 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో. దాంతోపాటే వచ్చిన పీసీ డాస్ 2.0 డిస్క్ మొదటి సెక్టార్‌లో ఒక చిన్న పట్టిక పెట్టింది. 512 బైట్ల సెక్టార్‌లో ఆ పట్టికకి దక్కింది 64 బైట్లు. నాలుగు వరసలు, అంతే. ఏ భాగం ఎక్కడ మొదలు, ఎంత పొడవు అన్నది అందులో ఉంటుంది. మన పొలానికి పాస్‌బుక్ ఎలాగో డిస్క్‌కి ఇది అలాగ!

ఆ లెక్కలకి 32 బిట్లే ఇవ్వడంతో, 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2 టీబీ దాటితే అది చాలదు. అందుకే తర్వాత జీపీటీ వచ్చింది. అది పట్టిక రెండో ప్రతిని డిస్క్ చివర కూడా దాస్తుంది.

ఇక క్లోనింగ్. 1970ల నాటి యూనిక్స్ డీడీ కమాండ్ లోపల ఏముందో పట్టించుకోదు, ఉన్నదున్నట్టు దించేస్తుంది. 1990లలో న్యూజిలాండ్‌లో ముర్రే హజార్డ్ రాసిన ఘోస్ట్ కాస్త తెలివైనది. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌ని అర్థం చేసుకుని సైజు మార్చగలిగేది. 1998లో సిమాంటెక్ దాన్ని కొనేసింది.

నేను చేసింది మొదటి రకం కాపీ. అంటే పొలం పెరిగింది, పాస్‌బుక్ మాత్రం పాతదే! మిగతా జాగా 'అన్‌ఎలొకేటెడ్' అని పడి ఉంది.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' నొక్కుదామంటే పని చేయలేదు. ఎందుకంటే సి డ్రైవ్‌కి సరిగ్గా కుడిపక్కన ఖాళీ ఉంటేనే అది పెంచుతుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుంది. జీపార్టెడ్‌తో దాన్ని చివరికి జరపొచ్చు. కానీ జరిపేటప్పుడు కరెంటు పోతే? నేను ఆ సాహసం చేయలేదు. మిగిలిన జాగాలో డి డ్రైవ్ చేసి ఊరుకున్నాను.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. అదే ఎస్ఎస్‌డీలో డి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే అది బ్యాకప్ కాదు. పోతే రెండూ పోతాయి. అందుకే అమ్మమ్మ గొంతు ఇప్పుడు ఇంకో బయటి డ్రైవ్‌లో కూడా ఉంది. అది మా అక్క ఇంట్లో ఉంది. మీరూ ఈ వారమే ఆ పని చేయండి. ఉంటానండీ.