కోటగుమ్మం నుంచి పార్కు గేటు దాకా



2009 వేసవి సెలవుల్లో మా బంధువులం పదకొండు మందిమి ఒక వ్యాను మాట్లాడుకుని మద్రాసు దగ్గరున్న ఒక వినోదాల పార్కుకు వెళ్లాం. తిరుపత్తూరులో తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరి, వాణియంబాడి, ఆంబూరు దాటి, పళ్లికొండ దగ్గర మా గుడియాత్తం వాళ్లను ఎక్కించుకున్నాం. వేలూరులో కోట ఎదుట ఆగి కాఫీ తాగాం. పార్కు గేటు దగ్గరకు చేరేసరికి ఎండ ముదిరింది.

గేటు దగ్గర ముందు ఒక చట్రం ఉంది. తలుపులేని గుమ్మంలాంటిది, లోహం తగిలితే కూత పెడుతుంది. పిల్లలకు అదే మొదటి ఆట అయింది. జేబులో చిల్లర వేసుకుని రెండోసారి, మూడోసారి దూరారు. తరువాత సంచులు విప్పి చూశారు. మా పెద్దమ్మ వక్కలాకు సంచిలో అడకొత్తె ఉంది. కాపలా కుర్రవాడు దాన్ని తీసి, "పాటీ, దీనికి పదును ఉంది, లోపలికి వద్దు, సాయంత్రం తీసుకోండి" అని ఒక టోకెను చేతిలో పెట్టాడు. అది ఆవిడకు పుట్టింటివారు పెట్టిన అడకొత్తె. అయినా మారు మాట్లాడకుండా ఇచ్చేసింది.

ఆ తరువాత అదే చెయ్యి టిఫిన్ క్యారియరు మీద పడింది. బయటి తిండి లోపలికి రాకూడదట. పులిహోర, పెరుగన్నం, మాగాయ ముక్కలు అక్కడే పెట్టేయమన్నారు. అప్పుడు చూడాలి మా పెద్దమ్మను! "ఏం నాయనా, పులిహోర పేలుతుందా?" అని నిలదీసింది. వెనక వరసలో ఉన్నవాళ్లందరూ ఆవిడ పక్షమే. అడకొత్తె పోయినప్పుడు వాళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆ రోజు నుంచి నాకు ఈ గేట్ల సంగతి మీద ఆసక్తి పుట్టింది. తనను సోదా చేస్తే మనిషికి కోపం వస్తుందని అనుకుంటాం. కాని అదే మనిషి ఒక సోదాకు తల వంచి, రెండు నిమిషాల్లోనే మరో సోదా మీద తిరగబడుతున్నాడు. ఎందుకని? దీనికి జవాబు వెతకడానికి మన ప్రాంతంవారు ఎక్కడికో పోనక్కరలేదు. మేము కాఫీ తాగిన చోటు నుంచి కనిపించే గుమ్మమే చాలు.

వేలూరు కోట పదహారో శతాబ్దంలో విజయనగర ప్రభువుల కింద కట్టినది. చుట్టూ లోతైన అగడ్త, లోపలికి ఒకటే రాకపోకల దారి. అలాంటి కోటకు గుమ్మం కాపలాయే ప్రాణం. 1614లో అరవీటి వేంకటపతి దేవరాయలు కన్నుమూశాడు. తన తరువాత రాజ్యం అన్నకొడుకు శ్రీరంగరాయలదని చెప్పి పోయాడు. గొబ్బూరి జగ్గరాయుడు దానికి ఒప్పుకోలేదు. కొత్త రాజును భార్యాబిడ్డలతో సహా బంధించి, చుట్టూ కట్టుదిట్టమైన కాపలా పెట్టాడు. రాజు పక్షాన నిలిచినవాడు వెలుగోటి యాచమ నాయుడు. రాజుగారి పిల్లల్లో ఒక్కణ్ణయినా దక్కించుకోవాలని ఆయన పట్టుదల.

దక్కించినవాడు ఒక రజకుడు. అంతఃపురం మైలబట్టలు ఉతకడానికి తీసుకుపోయే మనిషి. పన్నెండేళ్ల రామదేవుణ్ణి ఆ బట్టల మధ్య దాచి, కాపలావాళ్ల కళ్ల ముందే బయటికి తెచ్చేశాడు. బర్రాదాస్ అనే పోర్చుగీసు జెస్యూట్ గురువు 1616లో రాసిన ఉత్తరంలో ఈ కథ ఉంది. రాబర్ట్ సూయెల్ విజయనగరం మీద 1900లో అచ్చువేసిన పుస్తకంలో దాని ఇంగ్లీషు అనువాదం చేర్చాడు. లోపల మిగిలిన రాజకుటుంబాన్ని చంపేశారు. బయటపడిన ఆ పిల్లవాడు, తోపూరు యుద్ధం ముగిశాక, 1617 నుంచి 1632 దాకా రాజ్యం చేశాడు.

కాపలావాళ్లు ఆ మూట ఎందుకు విప్పలేదు? బర్రాదాస్ చెప్పలేదు కాబట్టి నా ఊహ మనవి చేస్తాను. మైలబట్టలు ముట్టుకుంటే స్నానం చేయాలి. పైగా రోజూ వచ్చిపోయే పనివాణ్ణి ఎవరు చూస్తారు? గుమ్మం దగ్గర నిలబడ్డవాడు ఎదుటి మనిషి చేతిలోని వస్తువును ఒక్కదాన్నే చూడడు. ఆ మనిషి ఎవరు, ఎలాంటివాడు అని ముందే ఒక లెక్క వేసుకుని, ఆ లెక్కనుబట్టి చూస్తాడు. ఎదుటివాడికి అసలు కష్టం కలిగించేది కూడా, నా ఉద్దేశంలో, ఆ లెక్కే. మన పురాణంలో జయవిజయులు సనకాదులను వైకుంఠ ద్వారం దగ్గర ఆపారు. ఆపినందుకన్నా, తమను ఎవరో అనామకులుగా చూసినందుకే ఆ మునులు శపించి ఉంటారని నాకు అనిపిస్తుంది.

ఇదే కోటలో 1806లో జరిగినది మీకు తెలిసిన కథే. కాని మన విషయం దృష్టితో మరోసారి చూద్దాం. అంతకుముందు 1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ కాలంలో కొత్త నిబంధనలు వచ్చాయి. సిపాయిలు యూనిఫాంలో ఉన్నప్పుడు నుదుట బొట్టు, నామం పెట్టుకోకూడదు. చెవి పోగులు తీసేయాలి. గడ్డం గొరిగించుకోవాలి. తరువాత తలపాగా కూడా మార్చారు. కొత్తది దొరల టోపీలా ఉందని, అందులో తోలు ఉందని సిపాయిలకు గిట్టలేదు. పై అధికారులకు ఇది కవాతులో వరస కుదరడం మాత్రమే. సిపాయికి మాత్రం అది తన ఒంటి మీద, తన మతం మీద పడిన చెయ్యి. ఆ మేలో వేలూరులో తలపాగా వద్దన్నవాళ్లలో ఇద్దరికి, ఒకరు హిందువు, ఒకరు ముస్లిము, తొమ్మిదివందల కొరడా దెబ్బల శిక్ష వేశారు. మిగిలినవాళ్లను క్షమాపణ చెప్పించి వదిలారు.

జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి, కుట్ర జరుగుతోందని తన కల్నలు దగ్గరకు వెళ్లి చెప్పాడు. అతని మాట నమ్మలేదు సరికదా, పిచ్చివాడని కట్టడి చేశారు. కోటలో టిప్పు సుల్తాను కుటుంబం 1799 నుంచి నిర్బంధంలో ఉంది. జూలై 9న టిప్పు కుమార్తె పెళ్లి. చుట్టాలు, పరివారం, వచ్చేపోయే జనంతో కోట కిటకిటలాడింది. మర్నాడు తెల్లవారక ముందే తిరుగుబాటు మొదలైంది. ఆర్కాడు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి, ఫిరంగులతో తలుపులు పగలగొట్టి లోపలికి దూసుకుపోయాడు. రెండు వైపులా వందలమంది చనిపోయారు. ఆ తలపాగా ఉత్తర్వును తరువాత రద్దు చేశారు. క్రాడక్‌ను, గవర్నరు బెంటింక్‌ను 1807లో వెనక్కు పిలిపించారు.

పార్కు గేటుకూ సిపాయిల తిరుగుబాటుకూ ముడి పెడుతున్నాడేమిటి అని మీరు అనవచ్చు. రెండింటి బరువు ఒకటి కాదు, నిజమే. ఒక్క పోలిక కోసమే చెప్పాను. సిపాయి కోటగుమ్మం దగ్గర రోజూ ఆయుధం అప్పగించేవాడు, లెక్క చెప్పేవాడు. ఆ పనితో అతనికి గొడవ లేదు. భద్రతకు, క్రమశిక్షణకు సంబంధం లేనిదాన్ని వాటి పేరుతో ముట్టుకున్నప్పుడే అతనికి మండింది.

ఇక వినోదాల సంగతికి వద్దాం. మన పాత వినోదాలకు గేట్లు లేవు. గుడియాత్తంలో వైశాఖ జాతరకు గంగమ్మ శిరస్సు ఊరేగుతుంటే వీధులన్నీ జనమే. ఎవరు ఎటునుంచి వచ్చారని అడిగే నాథుడు ఉండడు. డేరా సర్కస్, టూరింగ్ టాకీసు వచ్చాక గేటు వచ్చింది గాని, అక్కడ నిలబడ్డవాడు టికెట్టు సగం చింపి ఇవ్వడానికే. 1990ల్లో పెద్ద పార్కులు వచ్చాయి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు 1994లో, తాంబరం దగ్గర కిష్కింధ 1995లో, రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో. ఆ తొలి రోజుల్లో గేటు దగ్గర మనవాళ్ల పేచీ అంతా ఒక్కటే, పిల్లవాడికి అర టికెట్టా, పూర్తి టికెట్టా అని. పిల్లవాణ్ణి మోకాళ్లు వంచి నిలబడమన్న తండ్రులు మనలో చాలామందే ఉంటారు!

ఆ కాలం ముగిసిన తేదీ చెప్పవచ్చు. 2007 ఆగస్టు 24న మన వేలూరు పక్కన తిరుమలైకోడిలో శ్రీపురం స్వర్ణ దేవాలయానికి కుంభాభిషేకం జరిగింది. మర్నాడు, 25వ తేదీ సాయంత్రం, లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూస్తున్న జనం మధ్య బాంబు పేలింది. కొద్ది నిమిషాలకే కోఠీలోని గోకుల్ చాట్ దగ్గర మరొకటి. రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. లుంబినీలో పోయినవారిలో మహారాష్ట్ర నుంచి విజ్ఞానయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో బాంబు పేలకముందే దొరికింది. 2018లో న్యాయస్థానం ఈ కేసులో ఇద్దరికి మరణశిక్ష విధించింది.

ఆ తరువాత పార్కులకు, సినిమా హాళ్లకు, పెద్ద అంగళ్లకు చట్రాలు వచ్చాయి. సంచులు విప్పడం మామూలైంది. 2013లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, జనం ఎక్కువగా చేరే చోట్ల నిఘా కెమెరాలు, రాకపోకల మీద అదుపు తప్పనిసరి అంటూ ఒక చట్టమే చేసింది. జనం ఎదురు తిరిగారా? లేదు. బాంబు పేలిన ఊళ్లో సంచి విప్పి చూపించడానికి ఎవరికీ సిగ్గు లేకపోయింది. చూడకుండా పంపిస్తేనే, "అదేమిటి, చూడరా?" అని అడిగినవాళ్లు ఉన్నారు.

తిరుమల దారిలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కారు మీద నక్సలైట్లు మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఇప్పుడు అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర అందరూ బండి దిగాలి, సామాను యంత్రంలో పెట్టాలి, మనిషి చట్రంలోంచి నడవాలి. సిగరెట్టు, బీడీ, మద్యం, మాంసం కొండెక్కకూడదు. గుడియాత్తం బీడీలకు, అగ్గిపెట్టెలకు పేరుపడ్డ ఊరు. మా గుడియాత్తం బావగారి జేబులో బీడీకట్ట లేని రోజు లేదు. అలిపిరిలో ఆయన అడగకముందే తీసి పక్కన పెడతారు. అక్కడ వెతికేది బాంబు ఒక్కదాన్నే కాదు కదా, మరి ఆయనకు కోపం ఎందుకు రాదు? ఆ కట్టుబాటు ఆయన తనదిగా ఒప్పుకున్నది. పైగా తన వెనక కారులో దిగిన ధనవంతుడూ అదే వరసలో నిలబడ్డాడు. శ్రీపురంలోనూ అంతే. ఫోను, కెమెరా అప్పగించి నక్షత్రాకారపు బాటలో నడవడానికి మనవాళ్లు పెద్దగా విసుక్కోరు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వేసవిలో తల్లిదండ్రులను డిస్నీ పార్కులకు తీసుకువెళుతుంటారు. అక్కడ సంచుల తనిఖీ 2001 సెప్టెంబరు దాడుల తరువాత పెరిగింది. 2015 డిసెంబరులో డిస్నీ, యూనివర్సల్, సీవరల్డ్ పార్కులు మెటల్ డిటెక్టర్లు కూడా పెట్టాయి. డిస్నీవారు బొమ్మ తుపాకుల అమ్మకం ఆపేశారు. పధ్నాలుగేళ్లు దాటినవాళ్లు వేషాలు వేసుకుని రావద్దన్నారు. కొందరికి ఇది ధైర్యం ఇచ్చింది. మరికొందరికి, పిల్లవాడు మొదట చూసేది మిక్కీ ఎలుకను కాక చేతిలో కర్ర పట్టుకున్న కాపలావాణ్ణి అయ్యాడే అని బాధ. ఈ రెండు మాటల్లో ఏది తప్పు అనగలం?

ఆడవారి విషయం వేరే చెప్పాలి. స్త్రీని సోదా చేయవలసి వస్తే మరొక స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా చేయాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. 1973 కోడ్‌లోనూ, 2024 జూలై నుంచి అమలుకు వచ్చిన కొత్త సంహితలోనూ ఆ మాట అలాగే నిలిచింది. అది పోలీసులు అరెస్టు చేసినవారి గురించిన నియమం. పార్కు గేటు దగ్గర ఉండే ప్రైవేటు కాపలావారికి పోలీసు అధికారం లేదు. మనం ఒప్పుకుంటే చూస్తారు, ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వరు, అంతే. అయినా తెర కట్టి, ఆడ కాపలాదారును పెట్టిన చోట ఆడవాళ్ల వరస చకచకా సాగుతుంది. లేనిచోట ఏం జరుగుతుందో మీ ఇంటి ఆడవారిని అడగండి.

ఇక పులిహోర. సినిమా హాళ్లలో బయటి తిండి మీద నిషేధం చెల్లదని జమ్మూ కాశ్మీరు హైకోర్టు 2018లో అంటే, సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆ తీర్పును కొట్టేసింది. హాలు యజమాని సొంత ఆస్తి, తిండి వద్దనే హక్కు ఆయనకు ఉంది. అయితే మంచినీళ్లు ఊరికే ఇవ్వాలి, చంటిబిడ్డల ఆహారాన్ని అడ్డుకోకూడదు అన్నది. చట్టం అలా ఉంది, సరే. నా ఫిర్యాదు చట్టంతో కాదు. బాంబు కోసం వెతికే బల్ల మీదనే, బాంబు కోసం వెతికే మనిషి చేతనే, పెరుగన్నం కూడా పట్టించడంతోనే. మొదటి పని ప్రాణాల కోసం, రెండోది లోపలి హోటలు బేరం కోసం. రెండూ ఒకే చెయ్యి చేస్తే, చూసేవాడికి మొదటిదాని మీద కూడా నమ్మకం పోతుంది. తిండి వద్దనుకుంటే ఆ మాట టికెట్టు అమ్మేచోట పెద్ద అక్షరాలతో, తమిళంలోనూ తెలుగులోనూ రాసి పెట్టవచ్చు. వ్యానులోనే తినేసి వచ్చేవాళ్లం.

మా పెద్దమ్మ ఆ రోజు చేసింది కూడా అదే. గేటు పక్కన వేపచెట్టు కింద దుప్పటి పరిపించి, పదకొండు మందికీ అక్కడే వడ్డించింది. వరసలో ఉన్న ముక్కు మొహం తెలియనివాళ్ల పిల్లలు కూడా ఇద్దరు వచ్చి కూర్చున్నారు. డ్యూటీ మారి వెళుతున్న ఆ కాపలా కుర్రవాణ్ణి పిలిచి ఒక ఆకులో అతనికీ పెట్టింది. సాయంత్రం టోకెను చూపిస్తే అడకొత్తె భద్రంగా దొరికింది. ఎవరో దానికి ఒక కాగితం చుట్టి, తాడు కట్టి ఉంచారు.