దయ్యానికో ముద్ద

"అక్కా! వీడికేదో దయ్యం పట్టింది. నువ్వైనా కాస్త వదిలించు" అంది మా చెల్లెలు ఫోనులో.

దయ్యాలు వదిలించే విద్య నాకెక్కడిది చెప్పండి? కథలు రాయడం తప్ప నాకు వేరే మంత్రం రాదు. కానీ దాని గొంతులో వణుకు విన్నాక కాదనలేకపోయాను. దానికి వాడు ఒక్కగానొక్క కొడుకు. డిగ్రీ అయింది. పోటీ పరీక్షల కోచింగు కోసమని ఎల్బీనగర్‌లో మా ఇంట్లో ఉంటూ రోజూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళొస్తున్నాడు. పగలంతా పుస్తకాలు, రాత్రంతా లాప్‌టాప్‌లో వీడియో గేమ్. అర్ధరాత్రి దాటాక కూడా వాడి గది తలుపు కిందనుంచి వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది. భోజనానికి పిలిస్తే "వస్తున్నా పెద్దమ్మా" అన్న మాట వస్తుంది గానీ మనిషి రాడు.

ఆ రాత్రి నాలుగు చివాట్లు పెడదామనే వెళ్ళాను. తెర మీద చిత్రవిచిత్రమైన ఆకారాలు.

"ఏమిట్రా ఈ భూతాలు?" అన్నాను.

"జపాన్ వాళ్ళ గేమ్ పెద్దమ్మా. పెర్సోనా 5 అంటారు. వీటిని ఓడించాక చంపేయక్కర్లేదు. మాటలు చెప్పి మనవైపు తిప్పుకోవచ్చు" అంటూ వాడు చేరదీసుకున్న శక్తుల పట్టిక చూపించాడు. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు కనబడింది: హారీతి.

చివాట్లు నోట్లోనే ఉండిపోయాయి. ఎందుకంటే ఈ హారీతి నాకు తెలిసినావిడే. పదిహేడు వందల ఏళ్ళ కిందట, ఇక్ష్వాకు రాజుల కాలంలో, నాగార్జునకొండ లోయలో ఆవిడకి గుడి ఉండేది. నాగార్జునసాగర్ నీళ్ళు ఆ లోయని ముంచెయ్యకముందు, 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో అక్కడి విహారాలు, స్తూపాలతో పాటు ఈవిడ గుడీ బయటపడింది. కృష్ణ ఒడ్డు ఆవిడ మా ఎల్బీనగర్ ఇంట్లోకి, అదీ జపాన్ మీదుగా, ఎలా వచ్చినట్టు?

హారీతి యక్షిణి. అయిదువందల మంది పిల్లల తల్లి. అయినా రాజగృహంలో ఊరివాళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోయి తినేసేదిట. ఊరంతా వెళ్ళి బుద్ధుడితో మొరపెట్టుకుంది. ఆయన ఆవిడ మీద యుద్ధానికి వెళ్ళలేదు. ఆవిడ చిన్నకొడుకు ప్రియంకరుణ్ణి తన భిక్షాపాత్ర కింద దాచేశాడు. హారీతి గుండెలు బాదుకుంటూ లోకమంతా వెతికి, చివరికి ఆయన దగ్గరికే వచ్చింది. అయిదువందల మందిలో ఒక్కడు కనబడకపోతేనే నీకింత ఏడుపొస్తే, ఒక్కడే ఉన్నవాళ్ళ మాటేమిటని ఆయన అడిగాడు. ఆవిడ తలొంచుకుంది.

కథ అక్కడితో అయిపోతే అది నీతికథ. నాకు నచ్చింది ఆ తరవాత జరిగింది. "మరి నా పిల్లలేం తిని బతకాలి?" అని హారీతి ఎదురడిగింది. తల్లి అడగాల్సిన ప్రశ్నే కదా! నా భిక్షువులు తమ తిండిలో రోజూ మీకో వాటా పెడతారని బుద్ధుడు మాటిచ్చాడు. ఆ మాట వట్టిగా పోలేదు. 7వ శతాబ్దంలో మన దేశానికొచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, విహారాల్లో భోజనశాల మూలనో వాకిట్లోనో పిల్లల్నెత్తుకున్న హారీతి బొమ్మ ఉండేదనీ, రోజూ దాని ముందు అన్నం పెట్టేవారనీ రాశాడు. పిల్లల్ని తినే రాక్షసి పిల్లల్నిచ్చే తల్లి అయింది. కడుపు నిండాక!

బౌద్ధంతో పాటే ఆవిడా చైనా దాటి జపాన్ చేరింది. అక్కడ ఆవిడ పేరు కిషిమోజిన్. టోక్యోలోని జోషిగాయాలో 1664లో కట్టిన ఆవిడ గుడి ఇప్పటికీ ఉంది. ఆ పేరులో మొదటి అక్షరానికి భూతమని అర్థం. ఆ అక్షరం నెత్తిన కొమ్ములాంటి చిన్న గీత ఉంటుంది. ఆ గుడివాళ్ళు మాత్రం గీత తీసేసి రాస్తారు. పిల్లల తల్లి అయ్యాక ఇంకా కొమ్మెందుకని! ఆవిడొక్కతే వెళ్ళలేదు లెండి. మన యక్షులు అక్కడ 'యాషా' అయ్యారు, యముడు 'ఎన్మా' అయ్యాడు.

జపాన్ వాళ్ళకి సొంత భూతాలకీ కొరత లేదు. వాటిని 'యోకాయ్' అంటారు. 1776లో తొరియామా సెకియెన్ అనే చిత్రకారుడు ఒక్కోదానికీ బొమ్మ వేసి పుస్తకమే తెచ్చాడు. వాటిలో 'కప్పా' అనే నీటిభూతం ఉంది. దాని నడినెత్తిన గుంటలో నీళ్ళుంటాయి, ఆ నీళ్ళలోనే దాని బలమంతా. మనం వంగి నమస్కారం పెడితే అదీ మర్యాదగా వంగుతుంది. నీళ్ళు ఒలికిపోతాయి, భూతం నీరసపడిపోతుంది. నమస్కారంతో భూతాన్ని గెలవచ్చన్నమాట! మన పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన రోజులు గుర్తొచ్చాయి నాకు. మనవాళ్ళూ దయ్యంతో తగువు పడలేదు, మర్యాదగా వాయిదా వేశారంతే.

వీడియో గేములవాళ్ళూ ఈ దారే పట్టారు. 1987లో నిషితాని అయా నవల ఆధారంగా వచ్చిన 'మెగామి టెన్సెయ్' గేమ్‌లో భూతాలతో బేరమాడి వాటిని తమవైపు తిప్పుకోవచ్చు. మావాడి పెర్సోనా ఆ వంశానిదే. 2013లో వచ్చిన 'యోకాయ్ వాచ్' పిల్లల గేమ్. అందులో మొగుడూపెళ్ళాల పోట్లాటలకి కూడా కంటికి కనబడని యోకాయే కారణం. ఓ పిల్లాడు చేతి గడియారంతో వాటిని కనిపెట్టి స్నేహం చేసుకుంటాడు. ఆ సంగతి చెబితే మావారు "మనింటికీ ఒకటి కొనాలోయ్" అన్నారు.

ఇదంతా విని మావాడు "ఇవన్నీ ఎక్కడో కృష్ణ ఒడ్డున సంగతులు కదా పెద్దమ్మా" అన్నాడు.

"ఎక్కడో ఏమిట్రా, నువ్వు రోజూ మెట్రోలో దాటిపోయే చైతన్యపురిలోనే బౌద్ధ విహారం ఉండేది" అన్నాను. వాడు నమ్మలేదు. ఆదివారంనాడు తీసుకెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్‌కి ఒక్క స్టేషను ముందు దిగితే, మూసీ ఒడ్డున ఫణిగిరి కాలనీలో కోసగుండ్ల లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. అక్కడి కొండరాతి మీద పదిహేను వందల ఏళ్ళ నాటి బ్రాహ్మీలిపి, ప్రాకృత భాష. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది. విష్ణుకుండి రాజు గోవిందవర్మ పేరున వెలిసిందంటారు. పిండపాతికులైన భిక్షువుల కోసం రాతి ఇల్లు కట్టించినట్టు రాసి ఉంది. పిండపాతికులంటే ఇంటింటా అడిగి తెచ్చుకున్న ముద్దతోనే బతికేవాళ్ళు.

మావాడు ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత మెట్ల మీద కూర్చుని, నేనడక్కుండానే అన్నాడు: "పరీక్ష రెండోసారీ పోయింది పెద్దమ్మా. అమ్మకి చెప్పలేదు. రాత్రిపూట పుస్తకం తెరిస్తే భయమేస్తోంది. గేమ్‌లో అయితే ఓడినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు."

అదన్నమాట దయ్యం! మేము లాప్‌టాప్‌లో వెతుకుతున్నాం. అది పిల్లాడి గుండెలో ఆకలితో కూచుంది.

ఇంటికొచ్చాక వాడే తల్లికి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. కాసేపయ్యాక చెల్లెలు నాకు చేసింది. ఏడ్చినట్టుంది, గొంతు బొంగురుగా ఉంది.

"దయ్యం వదిలిందా అక్కా?"

"వదల్లేదే. అన్నం పెట్టి కూర్చోబెట్టాం" అన్నాను.

మావాడు పప్పన్నంలో రెండోసారి నెయ్యి వేసుకుంటున్నాడు. తెల్లారితే మళ్ళీ క్లాసుంది.