గొట్‌షే: 600 ఏళ్ళ ఊళ్ళు, రెండు నెలల్లో ఖాళీ

యూరప్ మ్యాపులో స్లొవేనియా ఎక్కడుందో పట్టుకోవడానికే మనలో చాలామందికి కాస్త టైము పడుతుంది. దాని రాజధాని లుబ్లియానా నుంచి దక్షిణంగా ఓ 60 కిలోమీటర్లు వెళ్తే కొచేవ్యె అనే చిన్న పట్టణం వస్తుంది. జర్మన్‌లో దాని పేరు గొట్‌షే. చుట్టూ కొండలు, అడవులు, స్లొవేన్ మాట్లాడే జనం. మధ్యలో 800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మేర, 170కి పైగా ఊళ్ళలో జర్మన్ మాట్లాడే రైతులు ఉండేవారు. ఇలాంటి వాటిని జర్మన్‌లో ‘భాషా ద్వీపాలు’ అంటారు. ఈ ద్వీపం దాదాపు 600 ఏళ్ళు నిలబడింది, 1941-42 చలికాలంలో రెండు నెలల్లో ఖాళీ అయిపోయింది. ఎవరు ఖాళీ చేయించారు అన్న ప్రశ్నకి జవాబు మాత్రం అంత సులువు కాదు. ఈ టపా దాని గురించే.

ముందు కొంచెం ఫ్లాష్‌బ్యాక్. 14వ శతాబ్దంలో ఈ అడవులు ఓర్టెన్‌బుర్గ్ ప్రభువుల చేతిలో ఉండేవి. అడవి ఊరికే ఉంటే పన్ను రాదు కదా! అందుకని 1330 ప్రాంతం నుంచి కరింథియా, టిరోల్ వైపు నుంచి రైతుల్ని తెచ్చి, చెట్లు కొట్టించి, ఊళ్ళు కట్టించారు. 1471లో గొట్‌షేకి పట్టణ హోదా వచ్చింది. అప్పటికే టర్కీ సేనల దాడులు మొదలయ్యాయి. పైగా అది సున్నపురాయి నేల, వాన పడితే నీళ్ళు నిలవకుండా లోపలికి ఇంకిపోతాయి. వ్యవసాయం మీద బతకడం కష్టం. దాంతో 1492లో, అంటే కొలంబస్ అమెరికా చేరిన ఏడాదే, చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ వీళ్ళకి ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే హక్కు ఇచ్చాడు.

ఆ ఒక్క హక్కు వాళ్ళ బతుకుని మార్చేసింది. చలికాలం రాగానే మగవాళ్ళు బుట్ట తగిలించుకుని బయల్దేరేవారు. మొదట్లో నారబట్టలు, చెక్కతో చేసిన సామాన్లు. తరవాతి కాలంలో వియన్నా హోటళ్ళలో బత్తాయిలు, మిఠాయిలు అమ్మేవారు. పనుల సీజన్‌కి మళ్ళీ ఇంటికి. మన భాషలో చెప్పాలంటే ఏటా కొన్నాళ్ళు ఆన్‌సైట్ అన్నమాట. అలా అలవాటైన కాళ్ళు 19వ శతాబ్దం చివర్లో అమెరికా దాకా నడిచాయి. క్లీవ్‌లాండ్, న్యూయార్క్‌లలో గొట్‌షే వాళ్ళ పేటలు తయారయ్యాయి. ఇక్కడ జనాభా తగ్గుతూ వచ్చింది.

అలాగని వీళ్ళు అమాయకంగా తలొంచుకుని బతికిన జనమేమీ కాదు. 1515లో స్లొవేన్ ప్రాంతాలన్నిటినీ కుదిపేసిన రైతుల తిరుగుబాటు మొదలైంది గొట్‌షేలోనే, స్థానిక జమీందారుని చంపడంతో. ఆ తిరుగుబాటు నినాదం ‘పాత న్యాయం’. జర్మన్ రైతూ, స్లొవేన్ రైతూ ఒకే పక్క నిలబడ్డారు. మనం ఎవరం అన్న ప్రశ్నకి అప్పట్లో భాష ఒక్కటే జవాబు కాదు.

అది మారింది 19వ శతాబ్దంలో, జాతీయవాదాలు వచ్చాక. 1918లో ఆస్ట్రియా-హంగరీ కూలిపోయి యుగోస్లావియా ఏర్పడింది. నిన్నటిదాకా ఏలినవాళ్ళ భాష మాట్లాడిన గొట్‌షే వాళ్ళు రాత్రికి రాత్రి మైనారిటీ అయ్యారు. జర్మన్ బడులు తగ్గించేశారు, సంఘాల మీద ఆంక్షలు పెట్టారు. అయినా 1930లో 600 ఏళ్ళ పండగ ఘనంగానే చేసుకున్నారు. కానీ కోపం మిగిలింది. ఆ కోపాన్ని వాడుకోవడానికి 1930లలో బెర్లిన్‌లో ఒక ప్రభుత్వం సిద్ధంగా ఉంది. 30లు ముగిసేసరికి గొట్‌షేలో నాయకత్వం పెద్దల చేతిలోంచి నాజీ భావాలు నూరిపోసుకున్న, ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది.

1941 ఏప్రిల్‌లో జర్మనీ, దాని మిత్రులు యుగోస్లావియాని ఆక్రమించుకున్నారు. స్లొవేనియాని జర్మనీ, ఇటలీ, హంగరీ పంచుకున్నాయి. గొట్‌షే వచ్చింది ఇటలీ వాటాలోకి! హిట్లర్‌కి ముసొలీనీతో స్నేహం ముఖ్యం, కాబట్టి భూమి ఇటలీకి, మనుషులు జర్మనీకి అని ఒప్పందం రాసుకున్నారు. ఆ ఆగస్టులోనే సంతకాలయ్యాయి. శరదృతువులో ఇంటింటికీ ఆప్షన్ ఫారాలు. వెళ్తారా, ఉంటారా?

ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ జనానికి బాగా తెలిసిన విషయం ఒకటుంది. ‘ఐ అగ్రీ’ బటన్ నొక్కినవాళ్ళందరూ ఒప్పుకున్నట్టేనా? గొట్‌షే వాళ్ళకి ఎక్కడికి తీసుకెళ్తున్నారో చాలాకాలం చెప్పలేదు. వెళ్ళడమే జాతి ధర్మం అని నాయకుల ప్రచారం, ఉండిపోతే ఇటలీ పాలనలో ఏమవుతుందో అన్న భయం. కొందరు పాత తరం పెద్దలు, చర్చి ఫాదర్లు వద్దన్నారు. పక్కింటివాళ్ళు వెళ్ళిపోతుంటే ఒక్కళ్ళే ఆ కొండల్లో ఉండడం ఎలా? సుమారు 12,500 మందిలో దాదాపు 11,500 మంది వెళ్ళారు. 1941 నవంబర్ మధ్యలో మొదలై 1942 జనవరిలో అంతా అయిపోయింది.

ఎక్కడికి వెళ్ళారు? ఎంతో దూరం కాదు. తూర్పున సావా, సోట్లా నదుల పక్కన బ్రెజిత్సె ప్రాంతానికి. అక్కడి ఇళ్ళు ఖాళీగా ఎందుకున్నాయంటే, అక్కడుండే 36,000కి పైగా స్లొవేన్లని జర్మన్లు వెళ్ళగొట్టారు కాబట్టి. ఎక్కువమందిని జర్మనీలోని క్యాంపులకి తోలారు. ఆ స్లొవేన్ల ముందు ఏ ఫారమూ పెట్టలేదు, వాళ్ళనెవరూ ఏమీ అడగలేదు. వాళ్ళ ఇళ్ళలో, వాళ్ళ పొలాల్లో గొట్‌షే రైతులు కాపురం పెట్టారు.

ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. గొట్‌షే వాళ్ళ గురించి రాసేవాళ్ళలో కొందరు 600 ఏళ్ళ ఊళ్ళు పోయాయని కన్నీళ్ళు పెట్టి, బ్రెజిత్సె ఇళ్ళు ఎవరివో ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇంకొందరు ‘వాళ్ళు నాజీలు, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు’ అని లెక్క మూసేస్తారు. రెండూ సగం సగం కథలే. మోసపోయినవాడు కూడా ఇంకొకడి ఇంట్లో కూర్చోగలడు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అయిపోదు.

తరవాతి కథ వేగంగా జరిగిపోయింది. 1942లో ఇటలీ సైన్యం పార్టిజాన్ల మీద దాడుల పేరుతో ఖాళీ ఊళ్ళని తగలబెట్టింది. 1944 నవంబర్‌లో కొత్త యుగోస్లావియా నాయకత్వం జర్మన్ల ఆస్తుల జప్తుకి నిర్ణయం తీసుకుంది. 1945 మేలో గొట్‌షే వాళ్ళు మళ్ళీ మూటలు కట్టుకుని ఆస్ట్రియా వైపు పరిగెత్తారు. దారిలో చాలామందిని పట్టుకుని స్టెర్న్‌థాల్ క్యాంపులో పెట్టారు. అక్కడ ఎందరో పిల్లలు, ముసలివాళ్ళు చనిపోయారు. అదే ఏడాది కొచేవ్యె పక్కనున్న రోగ్ అడవుల్లో వేలమంది స్లొవేన్ హోంగార్డులని విచారణ లేకుండా చంపి గోతుల్లో పడేశారు. ఆ ప్రాంతంలో కొంత భాగాన్ని నిషిద్ధ ప్రాంతం చేసి, 1990లో గానీ తెరవలేదు. పాత ఊళ్ళలో సగానికి పైగా ఇక లేవు. వాటి మీద అడవి పెరిగింది. ఎలుగుబంట్లు, తోడేళ్ళు తిరుగుతున్నాయి.

మరి భాష? అది బవేరియన్ జర్మన్‌లో బాగా పాత యాస. వాల్టర్ ట్షింకెల్ అనే ఆయన రెండు సంపుటాల నిఘంటువు తయారుచేస్తే 1973, 1976లలో అచ్చయింది. అప్పటికే ఇళ్ళలో పిల్లలు ఇంగ్లీషో, మామూలు జర్మనో మాట్లాడుతున్నారు. యునెస్కో దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న భాషల్లో చేర్చింది. న్యూయార్క్‌లోని రిడ్జ్‌వుడ్‌లో 1924లో కట్టుకున్న గొట్‌షేర్ హాల్ ఇంకా ఉంది. అంటే ఊళ్ళు పోయినా హాలు మిగిలింది. కానీ హాలు మిగిలినంత మాత్రాన భాష మిగలదు. ఏడాదికి రెండు పండగలకి హాలు బుక్ చేసి, ఇంటికెళ్ళాక పిల్లలతో వేరే భాషలో మాట్లాడే మనకి ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా.

ఎక్కడైనా ‘జనం ఇష్టపడే వెళ్ళారు’ అని రాసుంటే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. వాళ్ళకి ఏం చెప్పారు? ఏం చెప్పకుండా దాచారు? వెళ్ళి దిగిన ఇల్లు అంతకుముందు ఎవరిది? గొట్‌షే విషయంలో ఈ మూడిటికీ జవాబులు దొరుకుతాయి. ఒక్కటి వదిలేసినా మనం చదివేది చరిత్ర కాదు, ఒక పార్టీ కరపత్రం.